పిల్లలకు చెస్ మొహం మొత్తకుండా చూసుకోవడం ఎలా

చెస్‌లో ఇప్పటికే కాస్త లోతుకు దిగిన పిల్లల తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. వారానికి మూడు క్లాసులు, నెలకు ఒకటో రెండో టోర్నమెంట్లు, ఒక రేటింగు (ఆట బలాన్ని చెప్పే అంకె), అలమరా నిండా కప్పులు ఉన్న పిల్లలు వాళ్లు. వేసవి క్యాంపులో సరదాగా ఆడేవాళ్లకు ఈ బాధ రాదు. ఇష్టంగా మొదలుపెట్టి బాగా ఆడినవాళ్లకే వస్తుంది. ఎనిమిదేళ్లకు జిల్లా సెలక్షన్ గెలిచి, పన్నెండేళ్లకు బోర్డు ముఖం చూడనంటున్న పిల్లలు హైదరాబాద్‌లోనూ ఉన్నారు, గుంటూరులోనూ ఉన్నారు.

ప్రాక్టీసు ఎక్కువై అలసిపోయారని పెద్దలు అనుకుంటారు. గంటలు కొంతవరకు కారణమే. నేను చూసినంతలో అసలు కారణం ఆట పిల్లల చేతిలోంచి పెద్దల చేతిలోకి వెళ్లిపోవడం. ఏ టోర్నీ ఆడాలో నాన్న నిర్ణయిస్తాడు. ఏ ఓపెనింగ్ (గేమ్ మొదటి ఎత్తుల వరస) ఆడాలో కోచ్ చెబుతాడు. ఎందుకు ఓడిపోయిందో కంప్యూటర్ చెబుతుంది. గెలిస్తే ఫొటో అమ్మ స్టేటస్‌లోకి వెళ్తుంది. ఇక పాపకు మిగిలేది బోర్డు ముందు కూర్చోవడం, ఓడితే సంజాయిషీ చెప్పుకోవడం. కింద రాసిన పనులన్నీ ఆటను మళ్లీ పిల్లల చేతికి ఇవ్వడానికే. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి, ఈ వరసలోనే ఒక్కొక్కటిగా చేయండి.

ముందుగా రెండు వారాలు ఊరికే చూడండి

ఏమీ మార్చకండి, ఏమీ అడగకండి. గమనించండి, అంతే.

అన్నిటికన్నా ముందు గడియారం చెబుతుంది. తొంభై నిమిషాల గేమ్‌లో ఇంకా గంట సమయం మిగిలి ఉండగానే పాప హాలు బయటికి వచ్చేస్తోందా? తనకన్నా బలహీనులతో కూడా పన్నెండో ఎత్తుకే డ్రా అడుగుతోందా? ఇంతకుముందు ఒక పావు పోయినా పోరాడే పిల్ల ఇప్పుడు ఒక బంటు పోగానే చేతులెత్తేస్తోందా? ఆలోచించడానికి మనసొప్పని పిల్లలు గేమ్‌ను త్వరగా వదిలించుకోవాలని చూస్తారు.

తర్వాత శరీరం. టోర్నీ ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి, స్కూలు ఉన్న రోజు మాత్రం ఏమీ ఉండదు. డాక్టరుకు చూపిస్తే అంతా బాగానే ఉందంటారు. దీన్ని నాటకం అనకండి, ఆ నొప్పి నిజమే.

మాట కూడా మారుతుంది. "ఈ గేమ్ పోయింది" అనే పిల్ల "నాకు చెస్ రాదు" అనడం మొదలుపెడుతుంది. అన్నిటికన్నా నేను ఎక్కువ నమ్మే గుర్తు ఇంకొకటి. ఇంటికి రాగానే బోర్డు పరిచి "నాన్నా, నేనేం చేశానో చూడు" అని గేమ్ చూపించే అలవాటున్న పిల్ల, చూపించడం మానేస్తుంది. ఎప్పుడు మానేసిందో గుర్తు తెచ్చుకోండి. చాలావరకు కథ అక్కడే మొదలై ఉంటుంది.

ఫామ్ పోవడం వేరు, మొహం మొత్తడం వేరు. ఫామ్ పోయిన పిల్లకు కోపం వస్తుంది, ఏడుస్తుంది, ఎక్కడ తప్పు జరిగిందో చూసేదాకా అన్నం తినదు. ఓడి ఏడ్చే పిల్లకు ఆట మీద ప్రేమ ఉంది, ఆమె గురించి కంగారు పడక్కర్లేదు. గెలిచినా ఓడినా ఒకే మొహంతో బయటికి వచ్చే పిల్ల గురించి ఆలోచించండి.

వారాన్ని కాగితం మీద పెట్టండి

మనసులో లెక్క వేస్తే ఎప్పుడూ తక్కువే తేలుతుంది. కాగితం తీసుకుని ఏడు రోజులూ గీసి, చెస్‌కు పోయే ప్రతి గంటా రాయండి. మామూలుగా కనిపించే ఒక వారం ఇలా ఉంటుంది. వారంలో మూడు రోజులు గంటన్నర చొప్పున క్లాసు, నాలుగున్నర గంటలు. రోజుకు ముప్పావుగంట పజిల్స్, ఐదుంపావు గంటలు. ఆరు రాత్రులు గంట చొప్పున ఆన్‌లైన్ గేములు, ఆరు గంటలు. ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా రాపిడ్ (తక్కువ సమయం గేముల) టోర్నీ, తొమ్మిది గంటలు. మొత్తం పాతిక గంటలకు కొంచెం తక్కువ. దీనిమీద స్కూలు, బస్సు, హోంవర్కు. ఆరో తరగతి దాటితే చాలా ఇళ్లలో ఐఐటీ ఫౌండేషన్ కూడా ఉంటుంది. పెద్దవాళ్లు ఉద్యోగంలో ఇంత పని చేస్తే యూనియన్ పెట్టుకుంటారు.

ఇప్పుడు ఎర్ర పెన్ను తీసుకోండి. వారంలో ఒక రోజు మొత్తం కొట్టేయండి. ఆ రోజు క్లాసు, పజిల్, యాప్, చెస్ వీడియో ఏవీ ఉండవు. అమెరికాలోని పిల్లల వైద్యుల అకాడమీ ఆటలాడే పిల్లలకు వారంలో కనీసం ఒకటి రెండు రోజులు, ఏడాదిలో మొత్తం మూడు నెలలు తమ ఆట నుంచి సెలవు ఇమ్మంటుంది. అది ఒళ్లు అలిసే ఆటలను దృష్టిలో పెట్టుకుని చెప్పిన మాట. చెస్‌లో మోకాలు నొప్పి పుట్టదు కాబట్టి అలసట కంటికి కనిపించదు. అందుకే ఇక్కడ ఆ నియమం ఇంకా ఎక్కువ అవసరం అంటాను.

టోర్నీ ఆదివారమైతే సెలవు సోమవారానికి మారుతుంది, రద్దు కాదు. ఏ రోజు సెలవు కావాలో పిల్లల్నే ఎంచుకోనివ్వండి.

నిద్ర గంటలు కూడా ఆ కాగితం మీదే రాయండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు గంటలు, పదమూడు దాటినవాళ్లకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. పొద్దున ఆరున్నరకు లేచే పదేళ్ల పిల్ల రాత్రి తొమ్మిదిన్నరకల్లా నిద్రపోవాలి. అది కుదరడం లేదంటే ముందు తగ్గించాల్సింది చెస్సే. విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఈ ఇబ్బంది మరోలా వస్తుంది. విజయవాడ కోచ్ ఉదయం ఎనిమిదికి క్లాసు పెడితే వేసవిలో డాలస్‌లో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. కోచ్ తాజాగా ఉంటాడు, పాప ఆవులిస్తూ ఉంటుంది. అలాంటి క్లాసును శనివారం పొద్దుటికి మార్పించండి, కుదరకపోతే మానిపించండి.

ఏడాది క్యాలెండర్‌లో ముందు సెలవులు, తర్వాతే టోర్నీలు

మన దగ్గర టోర్నమెంట్లు ఎక్కువగా దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లోనే గుంపుగా వస్తాయి. అవి సెలవులు కాబట్టే పెడతారు. ఫలితంగా చెస్ ఆడే పిల్లకు ఏడాదిలో సెలవులే ఉండవు. అందరూ గాలిపటాలు ఎగరేస్తున్నప్పుడు తను పక్క ఊరి ఫంక్షన్ హాల్లో ఏడో రౌండు పెయిరింగ్ (ఎవరితో ఆడాలో చెప్పే జాబితా) కోసం ఎదురుచూస్తుంటుంది.

అందుకని జనవరిలోనో జూన్‌లోనో కూర్చున్నప్పుడు ముందు వదలకూడనివి గుర్తు పెట్టండి. సంక్రాంతికి అమ్మమ్మ ఊరు, దగ్గరి స్నేహితురాలి పుట్టినరోజు, స్కూలు వార్షికోత్సవం, వేసవిలో వరుసగా మూడు వారాలు. వీటిమీద ఏ టోర్నీ పడ్డా, అది ఎంత పెద్దదైనా, వెళ్లకండి. ఒక్కసారి సడలిస్తే ఆ నియమం ఇక నిలవదు.

మిగిలిన తేదీల్లో టోర్నీలు పెట్టండి. పదేళ్ల లోపు పిల్లలకు నెలకు ఒక రాపిడ్ టోర్నీ, ఏడాదికి రెండు మూడు పెద్ద టోర్నీలు చాలన్నది నా అభిప్రాయం. ఆ పైన వయసువాళ్లకు కొంచెం పెంచవచ్చు. రెండు వారాంతాలు వరుసగా ఊరు వదిలి వెళ్లడం మాత్రం ఏ వయసులోనూ వద్దు.

పెద్ద టోర్నీ అంటే ఎంత బరువో ఒకసారి లెక్క వేయండి. తొంభై నిమిషాలు, ఎత్తుకు ముప్పై సెకన్లు చొప్పున కలిపే గేమ్ అరవై ఎత్తులు సాగితే ఒక్కొక్కరికీ రెండు గంటలు, ఇద్దరిదీ కలిపి నాలుగు గంటలు. రోజుకు రెండు రౌండ్లంటే ఎనిమిది గంటలు. సింగపూర్‌లో 2024లో గుకేశ్, డింగ్ లిరెన్ ప్రపంచ టైటిల్ కోసం ఆడినప్పుడు రోజుకు ఒక్క గేమే, మధ్యమధ్యలో విశ్రాంతి రోజులు. ప్రపంచ ఛాంపియన్లకు ఇచ్చే వెసులుబాటు మన తొమ్మిదేళ్ల పిల్లలకు ఇవ్వడం లేదు. షెడ్యూల్ మన చేతిలో లేదు గానీ, ఎన్ని టోర్నీలకు పేరు ఇవ్వాలో మన చేతిలోనే ఉంది. కొన్ని టోర్నీల్లో ముందే అడిగితే ఒక రౌండుకు అర పాయింటుతో బై (ఆ రౌండు ఆడకుండా విశ్రాంతి) ఇస్తారు. ప్రాస్పెక్టస్ చదివి, అవకాశం ఉంటే రెండో మూడో రోజు సాయంత్రానికి అడిగి పెట్టుకోండి. అర పాయింటు పోతుందని బాధపడకండి, ఆ సాయంత్రం నిద్ర మర్నాడు దాన్ని తెచ్చిపెడుతుంది.

జాబితా రాసే పెన్ను పిల్లల చేతిలో ఉండాలి. మీరు పది టోర్నీల పేర్లు ముందు పెట్టండి, వాళ్లు ఐదు ఎంచుకుంటారు. మీకు నచ్చిన ఆరోదాన్ని చివర్లో ఇరికించకండి.

రేటింగు ఎలా కదులుతుందో మీరు నేర్చుకోండి

నేను చూసిన ఇళ్లలో ఎక్కువ గొడవలు రేటింగు అర్థం కాకపోవడం వల్లే వచ్చాయి. ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) లెక్కలో పద్దెనిమిదేళ్ల లోపు, 2300 లోపు రేటింగు ఉన్న పిల్లలకు కె అంకె (ఒక్కో ఫలితానికి రేటింగు ఎంత కదలాలో చెప్పేది) 40. అంటే తనతో సమానమైన వాళ్ల మీద గెలిస్తే 20 పాయింట్లు వస్తాయి, ఓడితే 20 పోతాయి. తనకన్నా 200 తక్కువ ఉన్నవాళ్ల చేతిలో ఓడితే దాదాపు 30 పోతాయి. ఒక టోర్నీలో రేటింగు ప్రకారం రావాల్సినదానికన్నా రెండున్నర పాయింట్లు తక్కువ చేస్తే 100 రేటింగు మాయం. రేటింగు 2400 దాటిన ఆటగాళ్లకు కె 10 మాత్రమే, అదే ఫలితానికి వాళ్లకు పోయేది 25. పిల్లల రేటింగు అంతలేసి గంతులు వేసేలా కావాలనే అలా పెట్టారు, ఎందుకంటే వాళ్ల బలం త్వరగా మారుతుంది. కాబట్టి నెలలో 100 తగ్గితే మీ పాప ఆట మరిచిపోయిందని అర్థం కాదు.

ఇంకో మాట. మన దేశంలో పిల్లలు ఎదుగుతున్న వేగాన్ని వాళ్ల రేటింగు అందుకోలేదు. అటువైపు కూర్చున్న బాబు కాగితం మీద 1500, ఆటలో 1750 అయి ఉండవచ్చు. "నీకన్నా తక్కువ రేటింగ్ వాడి చేతిలో ఓడిపోయావా" అనే ముందు ఇది గుర్తుంచుకోండి. అసలు ఆ మాట ఎప్పుడూ అనకపోవడమే మంచిది.

స్విస్ పద్ధతి (మన టోర్నీల్లో జతలు కలిపే తీరు) గురించి కూడా పిల్లలకు ఒకసారి చెప్పండి. ప్రతి గేమ్‌లోనూ ఇద్దరికీ కలిపి ఒక్క పాయింటే ఉంటుంది కాబట్టి తొమ్మిది రౌండ్లలో సగటు నాలుగున్నర. గెలిచినకొద్దీ గెలిచినవాళ్లతోనే జత పడుతుంది. ఐదు పాయింట్లతో ఇంటికి వచ్చిన పిల్ల హాల్లో సగంమంది కన్నా బాగా ఆడింది. మనం మాత్రం నాలుగు ఓటములనే లెక్కపెడతాం.

ఇంట్లో పెట్టుకోవాల్సిన నియమం ఒక్కటే. ఫిడే జాబితా ప్రతి నెలా ఒకటో తారీఖున వస్తుంది. ఆ రోజు తప్ప ఇంట్లో ఎవరూ రేటింగు మాట ఎత్తకూడదు. రౌండు రౌండుకీ ఎంత వచ్చింది, ఎంత పోయింది అని ఫోన్‌లో లెక్కలు వేయకూడదు. తాతయ్యకు, మేనమామకు, పక్కింటి అంకుల్‌కు కూడా ఈ మాట చెప్పి ఉంచండి. వాళ్లు ప్రేమగానే అడుగుతారు, కానీ పండక్కి వచ్చిన ఆరుగురూ "ఇప్పుడెంత రేటింగ్ అమ్మా" అని అడిగితే ఆ పిల్లకు తను మనిషిగా కన్నా అంకెగా కనిపిస్తున్నానని అనిపిస్తుంది.

వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి సంగతి పిల్లలకు చెప్పండి. 2023 చివర్లో క్యాండిడేట్స్ (ప్రపంచ ఛాంపియన్‌తో ఆడేది ఎవరో తేల్చే టోర్నీ) అర్హత అతని చేజారింది. ఆ తర్వాత ఫలితాల గురించి పట్టించుకోవడం తగ్గించుకున్నానని, దాంతో ఆట తేలికపడిందని అతను ఇంటర్వ్యూల్లో చెప్పాడు. 2024 డిసెంబరు జాబితాలో అతని రేటింగు 2801.

రౌండు అయ్యాక మొదటి అరగంట

ఇది అన్నిటికన్నా ముఖ్యం. మిగతావన్నీ కుదరకపోయినా ఇదొక్కటి చేయండి.

హాలు తలుపు దగ్గర తల్లిదండ్రులు గుమిగూడి ఉంటారు. పిల్ల బయటికి వస్తూనే అమ్మ కళ్లలోకి చూస్తుంది. ఆ కళ్లలో ముందు కనబడేది "గెలిచావా?" అన్న ప్రశ్న. ఓడితే నాన్న మొహం మారుతుంది. ఏమీ అనకపోయినా మారుతుంది. వంద గేముల తర్వాత ఆ పిల్ల బోర్డు ముందు ఎదుటివాళ్ల రాజు గురించి ఆలోచించదు, బయట ఉన్న ఆ మొహం గురించి ఆలోచిస్తుంది. ఎత్తు వేసేముందు చెయ్యి వణికే పిల్లలను చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఈ తలుపే.

కాబట్టి తలుపు దగ్గర నిలబడకండి. కొంచెం దూరంగా, ముందే చెప్పుకున్న చోట కూర్చోండి. పాప నడుచుకుంటూ మీ దగ్గరికి వస్తుంది, ఆ కాస్త నడకలో ఊపిరి తీసుకుంటుంది. రాగానే ఫలితం అడగకండి. మంచినీళ్ల సీసా ఇవ్వండి. "ఆకలేస్తోందా? పెరుగన్నం ఉంది, తింటావా?" అనండి. చెప్పాలనుకుంటే తనే చెబుతుంది. గెలిచినా ఇంతే. గెలిచినప్పుడు కౌగిలించుకుని ఓడినప్పుడు పెరుగన్నం పెడితే పిల్లలు ఆ తేడా కనిపెట్టేస్తారు.

ఆ అరగంటలో చేయకూడనివి ఇంకా ఉన్నాయి. స్కోర్‌షీట్ (ఎత్తులు రాసుకునే కాగితం) లాక్కుని ఫోన్‌లో ఇంజిన్‌కు (ఆటను విశ్లేషించే ప్రోగ్రాముకు) ఎక్కించకండి. కోచ్‌కు ఫోన్ కలిపి పిల్ల చెవిలో పెట్టకండి. పక్క పేరెంట్‌తో "మావాడు గెలిచే గేమ్ పోగొట్టాడండీ" అని పిల్లాడు వింటుండగా అనకండి. కారులో ఇంటికి వెళ్లేదాకా ఆ గేమ్ గురించి ఉపన్యాసం వద్దు. కారులో పిల్లలు ఎక్కడికీ తప్పించుకోలేరు.

తర్వాతి రౌండుకు ముందు కాసేపు ఎండ, గాలి తగలనివ్వండి. అక్కడే ఉన్న పిల్లలతో పరుగెత్తుతుంటే "అలసిపోతావు, కూర్చో" అనకండి. ఇందాక తనను ఓడించిన పిల్లతోనే ఆడుకుంటున్నా సరే, ఇంకా మంచిది.

గేమ్ గురించి మాట్లాడే సమయం ఆ రాత్రి కాదు. మర్నాడో, టోర్నీ అయ్యాకో మాట్లాడుకోవచ్చు. అప్పుడు కూడా అడగాల్సిన ప్రశ్న వేరు. "ఎందుకు ఓడిపోయావు?" అంటే పిల్ల తలదించుకుంటుంది. "ఏ ఎత్తు దగ్గర ఎక్కువసేపు ఆలోచించావు? అప్పుడు నీకేం కనబడింది?" అంటే బోర్డు దగ్గరికి వస్తుంది. మీకు చెస్ రాకపోయినా ఈ ప్రశ్న అడగవచ్చు. రానివాళ్లు అడిగితేనే పిల్లలు ఇంకా ఓపిగ్గా చెబుతారు, ఎందుకంటే అక్కడ తనే గురువు.

టొరంటోలో 2024 ఏప్రిల్‌లో జరిగిన క్యాండిడేట్స్‌లో గుకేశ్ ఏడో రౌండులో ఫిరౌజా చేతిలో ఓడిపోయాడు. ఆ ఓటమి తనను చాలా బాధపెట్టిందని, విశ్రాంతి రోజున మాత్రం మనసు ఎంతో బాగనిపించిందని, ఈ టోర్నీ తనది కావచ్చని అప్పుడే అనిపించిందని తర్వాత చెప్పాడు. పద్నాలుగు రౌండ్లలో తొమ్మిది పాయింట్లతో గెలిచాడు. అప్పటికి అతని వయసు పదిహేడు. ఓటమి తర్వాత ఒక్క రోజు ఎవరూ తవ్వకుండా వదిలేస్తే పిల్లల మనసు తనంతట తానే లేచి నిలబడుతుంది.

రాత్రి బ్లిట్జ్‌కు హద్దు పెట్టండి

"మావాడికి చెస్ అంటే పిచ్చి, రాత్రి పదకొండు దాకా ఆడుతూనే ఉంటాడు" అని సంతోషపడే తల్లిదండ్రులున్నారు. మూడు నిమిషాల బ్లిట్జ్ గేములు ఇరవై వరుసగా ఆడుతున్న పిల్లాడు చెస్ గురించి ఆలోచించడం లేదు. పగలంతా బరువుగా తోచిన ఆట నుంచి ఆ ఆటలోనే తప్పించుకుంటున్నాడు. ఓడిన పాయింట్లు తిరిగి తెచ్చుకునేదాకా పడుకోకూడదనుకుంటాడు, ఇంకా పోగొట్టుకుంటాడు.

పూర్తిగా నిషేధించకండి, దొంగచాటుగా ఆడతారు. హద్దులు వాళ్లతోనే మాట్లాడి రాయించండి. వరుసగా రెండు ఓడితే ఆ రోజుకు ఆపేయడం. ఒక నిమిషం బుల్లెట్ అసలు వద్దు. పది నిమిషాలు, ఆ పైన సమయం ఉన్న గేములకే ప్రాధాన్యం. పడుకోవడానికి గంట ముందే ఫోన్, ట్యాబ్ హాల్లో ఛార్జింగుకు పెట్టాలి, అమ్మానాన్నల ఫోన్లు కూడా అక్కడే ఉండాలి. మీ ఫోన్ మీ చేతిలో ఉంటే ఈ నియమం వారం కూడా నిలవదు.

ఇంజిన్‌ను వెనక్కి నెట్టండి, ఇష్టానికి చోటు ఇవ్వండి

స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ ముందు ప్రపంచ ఛాంపియన్ కూడా తప్పులే చేస్తాడు. పదేళ్ల పిల్ల ప్రతి గేమ్‌నూ దాని ముందు పెడితే రోజూ ఎర్ర గుర్తులే కనబడతాయి. ఎంత అందంగా ఆలోచించిందో అది చెప్పదు. గుకేశ్‌కు అతని కోచ్ విష్ణు ప్రసన్న చాలాకాలం ఇంజిన్ ముట్టుకోనివ్వలేదు. గ్రాండ్‌మాస్టర్ స్థాయికి వచ్చేదాకా సొంత బుర్రతోనే విశ్లేషించుకున్నాడు. మీ ఇంట్లో వరస ఇలా ఉండనివ్వండి. ముందు పాప తన మాటల్లో స్కోర్‌షీట్ పక్కన రాసుకుంటుంది, తర్వాత కోచ్‌తో చూస్తుంది, ఏదైనా తేలకపోతే చివర్లో ఇంజిన్.

వారంలో ఒక చెస్ గంట పూర్తిగా పిల్లలది. ఆ గంటలో ఏం చేయాలో పెద్దలు చెప్పకూడదు. నలుగురు కలిసి రెండు బోర్డుల మీద జట్లుగా ఆడతారో, తాతయ్యకు ఎనిమిదోసారి గుర్రం నడక నేర్పుతారో, సొంతంగా పజిల్ తయారుచేస్తారో, కోచ్ వద్దన్న వింత గాంబిట్ (మొదట్లోనే బంటును బలి ఇచ్చే ఓపెనింగ్) ఆడి చూస్తారో వాళ్ల ఇష్టం. ఆ గంట వృథా అనిపిస్తే వేళ్లు కొరుక్కుంటూ వంటింట్లో ఉండండి.

కోచ్‌తో మాట్లాడండి

చెస్ కోచ్‌లలో చాలామంది మంచివాళ్లు. కానీ ఫలితాలు రాకపోతే తల్లిదండ్రులు అకాడమీ మార్చేస్తారన్న భయం వాళ్లకూ ఉంటుంది. ఆ భయం హోంవర్కుగా మారి పిల్లల మీద పడుతుంది. మీరే ముందు చెప్పండి: "సర్, ఈ ఆరు నెలలు రేటింగ్ పెరగకపోయినా మాకు పర్వాలేదు. పాప ఇష్టంగా క్లాసుకు వస్తే చాలు." ఈ ఒక్క మాటతో చాలామంది కోచ్‌లు ఊపిరి పీల్చుకుంటారు. పజిల్స్ యాభై ఇచ్చేచోట పది ఇవ్వమనండి, ఆ పది బోర్డు మీద పరిచి చేయాలి. ఒకే సమయంలో ఇద్దరు ముగ్గురు కోచ్‌లను పెట్టకండి. ఒకరు సిసిలియన్ ఓపెనింగ్ ఆడమంటారు, మరొకరు వద్దంటారు, మధ్యలో పిల్ల నలుగుతుంది. అందరి ముందూ తిట్టే, ఓడినవాళ్లను వరసలో నిలబెట్టే కోచ్ ఎంత పేరున్నవాడైనా మార్చేయండి.

ఇప్పటికే మొహం మొత్తి ఉంటే

అప్పుడు తగ్గించడం సరిపోదు, ఆపాలి. కనీసం ఒక నెల. ముందే కట్టిన ఎంట్రీ ఫీజులు, బుక్ చేసిన రైలు టికెట్లు పోతాయి, పోనివ్వండి. ఆ లెక్క పిల్లల ముందు చెప్పకండి. "నీకోసం ఇంత ఖర్చు పెట్టాం" అన్న మాట విన్న పిల్ల తన ఇష్టం కోసం ఇక ఆడలేదు, అప్పు తీర్చడానికి ఆడుతుంది. స్పోర్ట్స్ కోటా సీటు మాట కూడా ఆ నెలంతా ఇంట్లో వినబడకూడదు.

ఆపుతున్నామని చెప్పేటప్పుడు అది శిక్షలా ఉండకూడదు. "నువ్వు చాలా కష్టపడ్డావు, ఒక నెల విశ్రాంతి తీసుకుందాం. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో నువ్వే చెప్పు." అంతే. ఖాళీ అయిన గంటల్లో వెంటనే ట్యూషన్ నింపకండి. సైకిలు తొక్కనివ్వండి, పక్కింటి పిల్లలతో క్రికెట్ ఆడనివ్వండి.

వెనకబడిపోతారేమోనన్న భయం మీకు నిద్ర పట్టనివ్వదని తెలుసు. కోనేరు హంపి 2016 తర్వాత దాదాపు రెండేళ్లు పోటీలకు దూరంగా ఉన్నారు. అది అలసిపోయి తీసుకున్న విరామం కాదు, అమ్మ కావడం కోసం తీసుకున్నది. 2018 చెస్ ఒలింపియాడ్‌తో తిరిగొచ్చి, 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ రాపిడ్ టైటిల్ గెలిచారు, 2024లో న్యూయార్క్‌లో మళ్లీ గెలిచారు. రెండేళ్ల దూరం ఆమె ఆటను చెరపలేదు, ఒక నెల మీ పాప ఆటను చెరపదు. డింగ్ లిరెన్ 2023లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాక నిస్సత్తువతో, కుంగుబాటుతో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు, ఆ సంగతి బయటికే చెప్పాడు. ప్రపంచ కిరీటం ఉన్న మనిషికే అలా జరిగినప్పుడు, పిల్లలకు జరిగితే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

చెస్ ఆపాక కూడా పిల్ల తిండి మానేస్తుంటే, నిద్ర పట్టకపోతే, స్నేహితులనూ వద్దంటుంటే, బతకాలని లేదన్న మాట ఒక్కసారైనా నోట వస్తే అది ఇక చెస్ సంగతి కాదు. ఆలస్యం చేయకుండా పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ టెలిమానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

తిరిగి రావడం ఎలా ఉంటుందంటే, చాలామంది పిల్లలు ముందు బోర్డు దగ్గరికి రారు. ఎవరిదో గేమ్ చూస్తూ పక్కన నిలబడతారు. పిలవకండి. తర్వాత ఎప్పుడో తమ్ముడితో ఒక గేమ్ ఆడతారు. క్లాసు కావాలని తామే అడిగేదాకా ఆగి, వారానికి ఒకటితో మొదలుపెట్టండి. మొదటి టోర్నీ రేటింగు లేనిది, ఊళ్లోనే జరిగేది, స్నేహితులు ఆడేది అయితే మంచిది.

ఆరు నెలలైనా అడగకపోతే, అంతటితో ఆగిపోనివ్వండి. అకాడమీకి ఫోన్ చేసి మర్యాదగా చెప్పండి. కప్పులు అలమరాలోనే ఉండనివ్వండి. బోర్డు, గడియారం మాత్రం ఇంకెవరికీ ఇచ్చేయకండి. అవి పాపవి, ఇవ్వాలో ఉంచుకోవాలో ఆమె చెబుతుంది.